బ్రేకు పెడల్ నేలకు దిగిపోతున్నదా?

పాలు సేకరించే బండ్లు నడిపే సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "బ్రేకు తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా నేల దాకా దిగిపోతున్నది. వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే మళ్ళీ పైకి వస్తున్నది. ఆయిల్ చూస్తే తగ్గలేదు. బండి నడపవచ్చునా?"

నడపరాదు. ఈ వ్యాసం మొత్తం చదివే తీరిక లేనివారు ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా చాలు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకు పోతుంది. పెడల్‌ను రెండుసార్లు కొట్టి పైకి తెచ్చుకోవడానికి కనీసం ఒక సెకను పడుతుంది. ఆ 11 మీటర్లలో రోడ్డు దాటుతున్న గేదె ఉండవచ్చు, బడికి పోయే పిల్లలు ఉండవచ్చు. కాని మన దగ్గర జరిగేది వేరు. తెల్లవారుజామున క్యాన్లన్నీ నిండి సంఘం ముందు వరుసగా ఉంటాయి. ఎండాకాలమైతే పాలు ఆలస్యమయ్యే కొద్దీ విరుగుతాయన్న భయం. డ్రైవరు "ఈ పూటకు పోయి వస్తాను, సాయంత్రం చూపిస్తాను" అంటాడు, కార్యదర్శి సరేనంటాడు. పూట పాలు పోతే నష్టం లెక్క కట్టవచ్చు. రెండవ రకం నష్టానికి లెక్క లేదు. కనుక ఆ పూట వేరే బండి మాట్లాడుకోవడమే మంచిది.

ఇక లోపం ఎక్కడ ఉన్నదో ఎలా కనిపెట్టాలో చూద్దాం. కార్లు, జీపులు, చిన్న సరకు బండ్లు దాదాపు అన్నింటిలోనూ బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. ఇక్కడ చెప్పేది వాటిని గురించే. లారీలకు, పెద్ద పాల ట్యాంకర్లకు ఉండే గాలి బ్రేకుల పద్ధతి వేరు. ఇది వాటికి వర్తించదు.

పెడల్ వెనుక ఏమున్నది?

పెడల్ ఒక మీటకర్ర వంటిది. అది ఒక కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ మాస్టర్ సిలిండరులోని పిస్టన్‌ను నెడుతుంది. మాస్టర్ సిలిండరు పైన ఆయిల్ డబ్బీ ఉంటుంది. అక్కడి నుంచి సన్నని ఇనుప గొట్టాలు, చక్రాల దగ్గర రబ్బరు హోసులు నాలుగు చక్రాలకూ పోతాయి. వెనుక చక్రాల డ్రమ్ముల్లో వీల్ సిలిండర్లు షూలను వెడల్పు చేస్తాయి. ముందు చక్రాలకు డిస్కు ఉంటే కాలిపర్ పిస్టన్లు ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి.

ఇందులో కదిలే ఆయిల్ ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఉదాహరణకు పెడల్ 10 సెంటీమీటర్లు దిగితే, మీట నిష్పత్తి అయిదు రెట్లు అనుకుంటే, పిస్టన్ కదిలేది 2 సెంటీమీటర్లే. సిలిండరు లోపలి వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లయితే ముందుకు పోయే ఆయిల్ 6 మిల్లీలీటర్లు. ఒక చిన్న సిరంజిలో పట్టేంత! నిండా క్యాన్లతో ఉన్న బండిని ఆపేది ఆ కాస్త ఆయిలే. అందులో 3 మిల్లీలీటర్లు ఎక్కడో కారినా, పక్కదారి పట్టినా, దాని స్థానంలో గాలి చేరినా పెడల్ సగం బలం పోగొట్టుకున్నట్లే. ఆయిల్‌ను నొక్కితే అది దాదాపు కుంచించుకోదు. గాలి అలా కాదు, ఎంత నొక్కితే అంత కుంచించుకుపోతుంది. పెడల్ స్పాంజివలె మెత్తగా ఉండడానికి కారణం ఇదే.

మాస్టర్ సిలిండరు పిస్టన్‌కు రబ్బరు కప్పులు ఉంటాయి. మెకానిక్కులు వాషర్లని కూడా అంటారు. వీటి పని పాలు పితికే మనందరికీ సులభంగా అర్థమవుతుంది. పితికేటప్పుడు ముందు బొటనవేలు, చూపుడువేలుతో చన్ను పైభాగం బిగించి మూస్తాము. ఆ తరువాతే మిగిలిన వేళ్ళతో నొక్కుతాము. పైన పట్టు వదులైతే ఏమవుతుంది? నొక్కిన పాలు తపేలాలోకి రాక పొదుగులోకి వెనక్కి పోతాయి. పాలు ఎక్కడా ఒలకవు, కాని తపేలా నిండదు. మాస్టర్ సిలిండరు లోపల కప్పు అరిగినప్పుడు జరిగేది అచ్చం ఇదే. పిస్టన్ నెట్టిన ఆయిల్ చక్రాలకు పోకుండా కప్పు అంచు పక్కనుంచి వెనక్కి జారి, తిరిగి డబ్బీలో చేరుతుంది. బయట చుక్క పడదు, డబ్బీలో మట్టం తగ్గదు. పెడల్ మాత్రం దిగిపోతూనే ఉంటుంది. మొదట చెప్పిన ప్రశ్నకు జవాబు నూటికి ఎక్కువపాళ్ళు ఇక్కడే ఉంటుంది.

నిలబడి ఉన్న బండిలో పరీక్ష

బండిని చదునైన చోట నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు ముందు వెనుక రాళ్ళు పెట్టండి. ఇంజను ఆపి పెడల్‌ను అయిదారుసార్లు తొక్కండి. బూస్టరులో నిల్వ ఉన్న సహాయం అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు మామూలుగా బండి ఆపడానికి ఎంత బలం పెడతారో అంతే పెట్టి ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి. ఎక్కడిదక్కడ నిలబడితే మంచిది. మెల్లగా దిగిపోతే ఆయిల్ బయటికైనా కారుతున్నది, లోపలైనా జారుతున్నది.

ఇదే పరీక్షను చాలా తేలికగా, కాలి బరువు మాత్రమే మోపి ఇంకొకసారి చేయండి. అరిగిన కప్పులో ఒక చిత్రమున్నది. గట్టిగా ఒక్కసారి తొక్కితే ఒత్తిడికి కప్పు అంచు విచ్చుకొని సిలిండరు గోడకు అతుక్కుంటుంది, పెడల్ నిలబడుతుంది. మెల్లగా తొక్కితే అంచు అతుక్కోదు, ఆయిల్ జారిపోతుంది. "గట్టిగా తొక్కితే బ్రేకు బ్రహ్మాండంగా పడుతున్నది, సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడే దిగుతున్నది" అని డ్రైవరు చెబితే అది అబద్ధం కాదు. లోపం అక్కడే ఉన్నదనడానికి అది గుర్తు.

తరువాత పెడల్ మీద కాలు ఉంచే ఇంజను స్టార్టు చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగి ఆగుతుంది. దీనిని చూసి కంగారుపడవద్దు. బూస్టరు సాయం అందినందువల్ల అలా దిగుతుంది, దిగాలి కూడా. దిగకపోతేనే బూస్టరును అనుమానించాలి. దిగడం మొదలుపెట్టి ఆగకుండా నేల దాకా పోతే మాత్రం అది లోపమే. ఆగి ఉన్న బండిలో ఇంజను నడుస్తుండగా ఒంటి బలమంతా ఉపయోగించి తొక్కితే మంచి బండిలోనూ పెడల్ కొంత లోతుకు పోతుంది. అది చూసి మాస్టర్ సిలిండరు మార్పించినవారు ఉన్నారు.

ఆయిల్ తగ్గితే ఎక్కడికి పోయింది?

డబ్బీలో మట్టం తగ్గి ఉంటే వెంటనే పోసి ఊరుకోవడం మనలో చాలామందికి అలవాటు. బ్రేకు ఆయిల్ ఇంజను ఆయిల్‌వలె ఖర్చయ్యేది కాదు. ప్యాడ్లు, లైనర్లు అరిగే కొద్దీ మట్టం నెలల తరబడి కొద్దికొద్దిగా దిగడం సహజం. వారానికొకసారి పోయవలసి వస్తున్నదంటే అది ఎక్కడో కారుతున్నది.

నాలుగు చక్రాల లోపలి వైపులనూ చూడండి. టైరు లోపలి గోడ తడిగా ఉండి, దుమ్ము పట్టి నల్లగా అంటుకొని ఉంటే ఆ చక్రపు వీల్ సిలిండరు లేదా కాలిపర్ కారుతున్నది. డ్రమ్ము అడుగున చుక్క కనబడవచ్చు. రాత్రిపూట ప్రతి చక్రం కింద ఒక పాత వార్తాపత్రిక పరచి ఉదయం చూస్తే గుర్తించడం సులభం. అయితే క్యాన్లు కడిగిన నీళ్ళు, పేడ నీళ్ళు కూడా అక్కడే కారుతుంటాయి. వేలికి అంటించుకుని చూడండి. బ్రేకు ఆయిల్ ఇంజను ఆయిల్ అంత చిక్కగా ఉండదు, నీటికంటె జారుడుగా ఉంటుంది. చూసిన తరువాత చేయి కడుక్కోండి.

తరువాత రబ్బరు హోసులు. వంచి చూస్తే పగుళ్ళు కనబడతాయి. పెడల్‌ను ఒకరు తొక్కి ఉండగా ఇంకొకరు చూస్తే ఉబ్బే హోసు బయటపడుతుంది. ఛాసీ వెంట పోయే ఇనుప గొట్టాలు మన బండ్లలో తొందరగా తుప్పు పడతాయి. మట్టిరోడ్ల బురద, సముద్రతీర గ్రామాలైతే ఉప్పుగాలి, వీటికి తోడు రోజూ క్యాన్ల నుంచి కారే తడి. క్లిప్పులు ఉన్నచోట బురద నిలుస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. బండి కడిగించేటప్పుడు ఆ గొట్టాలను ఒకసారి గుడ్డతో తుడిచి చూడండి.

ఎక్కడా తడి లేదు, అయినా ఆయిల్ తగ్గుతున్నదంటే మాస్టర్ సిలిండరు వెనుక చూడాలి. వెనుక కప్పు పాడైతే ఆయిల్ బూస్టరు లోపలికి కారి అక్కడే నిలుస్తుంది. బయటి నుంచి ఎంత వెదికినా కనబడదు. మాస్టర్ సిలిండరు నట్లు వదులు చేసి కొంచెం ముందుకు జరిపితే అతుకు దగ్గర తడి తెలుస్తుంది. బూస్టరు లేని పాత బండ్లలో ఈ ఆయిల్ పెడల్ కడ్డీ వెంట కారి డ్రైవరు కాళ్ళ దగ్గరికి వస్తుంది. కొన్ని బండ్లలో క్లచ్చి కూడా అదే డబ్బీ నుంచి ఆయిల్ తీసుకుంటుంది. అటువంటి బండ్లలో క్లచ్చి సిలిండర్లను కూడా చూడవలసి ఉంటుంది.

పాత జీపులు, కార్లు అనేకం ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండరుతో నడిచేవి. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోయేది. తరువాత వచ్చిన బండ్లలో రెండు గదులు ఉంటాయి. ఒక భాగం పోయినా రెండవ భాగం రెండు చక్రాలను పట్టుకుంటుంది. ఇది మంచి ఏర్పాటే, కాని దీనివల్ల ఒక కొత్త ప్రమాదం కూడా వచ్చింది. ఒక భాగం పూర్తిగా పోయినప్పుడు పెడల్ చాలా లోతుకు దిగి అక్కడ ఆగుతుంది. బండి ఆలస్యంగానైనా ఆగుతుంది. "కొంచెం లూజైంది" అనుకుని డ్రైవరు వారం రోజులు నడుపుతాడు. నిజానికి ఆ వారమంతా రెండు చక్రాల బ్రేకుతోనే నడిచాడు.

లోతుగా ఉన్నా గట్టిగా ఆగుతుంటే

పెడల్ బాగా కిందికి పోతున్నది, కాని అక్కడ రాయివలె ఆగుతున్నది, పట్టుకుంటే ఇక దిగడం లేదు, ఆయిల్ తగ్గలేదు. ఇది కారడమూ కాదు, కప్పు లోపమూ కాదు. వెనుక డ్రమ్ముల్లో షూలకు, డ్రమ్ముకు మధ్య సందు పెరిగింది. దీనికి చిన్న పరీక్ష: హ్యాండ్ బ్రేకును మూడు నాలుగు పళ్ళు పైకి లాగి పెడల్ తొక్కి చూడండి. అప్పుడు పెడల్ పైననే గట్టిపడితే వెనుక షూలను సర్దుబాటు చేస్తే సరిపోతుంది. తనంత తానే సర్దుకునే ఏర్పాటు ఉన్న డ్రమ్ముల్లో కూడా ఆ పళ్ళచక్రం తుప్పు, దుమ్ము పట్టి బిగుసుకుపోవడం మామూలే.

గతుకుల రోడ్డు మీద పోయిన వెంటనే మొదటి తొక్కుకు మాత్రమే పెడల్ దిగి, రెండవ తొక్కుకు సరిగా ఉంటే ముందు చక్రాల బేరింగు ఆట చూడండి. ఊగే డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది.

మాస్టర్ సిలిండరా, చక్రాలా?

ఏ భాగంలో లోపమున్నదో తేలకపోతే మంచి మెకానిక్కు ఒక పని చేస్తాడు. మాస్టర్ సిలిండరు నుంచి బయటికి పోయే గొట్టాలు విప్పి, ఆ రంధ్రాలను సరైన మరలున్న బిరడాలతో మూసి, లోపలి గాలి తీసి, పెడల్ తొక్కి చూస్తాడు. పెడల్ పైననే రాయివలె నిలబడితే మాస్టర్ సిలిండరు బాగున్నట్లే. లోపం ఆ తరువాత ఉన్నది. అప్పుడు ఒక్కొక్క గొట్టం తగిలిస్తూ పోతే ఏ దారిలో పెడల్ దిగుతుందో తెలిసిపోతుంది. బిరడాలు పెట్టినా పెడల్ దిగుతుంటే చక్రాలు విప్పవలసిన పనే లేదు. పది నిమిషాల ఈ పరీక్ష చేయకుండా నాలుగు చక్రాలూ విప్పి కిట్లు వేసేవారి దగ్గరికి పోతే డబ్బు దండుగ. హోసులను కటింగు ప్లేయరుతో నొక్కి పరీక్షించడం కొందరి అలవాటు. పాత హోసు లోపలి పొర దానితో చిట్లుతుంది; అలా చేయనివ్వకండి.

ఏ.బి.ఎస్. ఉన్న కొత్త బండ్లలో దాని వాల్వుల పెట్టెలో కూడా ఆయిల్ లోపలే జారే అవకాశం ఉన్నది. అలాంటి బండ్లు కొన్నింటికి గాలి తీయడానికి కూడా కంప్యూటరు పరికరం కావలసి ఉంటుంది. వాటిని రోడ్డు పక్కన విప్పించవద్దు.

ఒక బండి సంగతి

నేను చూసిన ఒక పాల బండి కథ చెబుతాను. వెనుక ఎడమ చక్రం కారుతుంటే వీల్ సిలిండరు కిట్టు మార్చారు. అంతవరకు పని సరిగానే చేశారు. తరువాత గాలి తీయడానికి కుర్రవాడిని సీటులో కూర్చోబెట్టి పెడల్‌ను నేల దాకా ఇరవై ముప్పైసార్లు తొక్కించారు. బండి తెచ్చేటప్పుడు పెడల్ లోతుగా ఉండేది, కాని దిగేది కాదు. పని అయిన తరువాత దిగడం మొదలుపెట్టింది! మళ్ళీ గాలి తీశారు, మళ్ళీ దిగింది. మూడవసారి కూడా అంతే. బండి యజమాని "బాగున్నదాన్ని చెడగొట్టారు" అన్నాడు. మెకానిక్కు "నేను చక్రమే ముట్టుకున్నాను, సిలిండరు జోలికి పోలేదు" అన్నాడు. సంఘంలో పంచాయితీ అయింది. రెండు రోజులు పాలకు అద్దె బండి.

మాస్టర్ సిలిండరు విప్పించి చూస్తే సంగతి తేలింది. ఏళ్ళ తరబడి పిస్టన్ తిరిగిన మొదటి భాగం అద్దంలా ఉన్నది. మామూలుగా పిస్టన్ ఎన్నడూ పోని చివరి భాగంలో తుప్పు పట్టి గుంటలు పడి ఉన్నాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కేసరికి కప్పు మొదటిసారి ఆ గుంటల మీదికి పోయింది. ముదురు రబ్బరు, అంచు కోసుకుపోయింది. ఇద్దరూ చెప్పింది నిజమే. సిలిండరు ముందే పాతబడింది, దాన్ని బయటపెట్టింది ఆ ఇరవై ముప్పై తొక్కులు. అప్పటి నుంచి పాత బండిలో గాలి తీసేటప్పుడు పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టించి, నేల దాకా పోకుండా చూస్తున్నాను. ఇందుకు అయ్యే ఖర్చు ఏమీ లేదు.

బాగుచేయడం

కప్పు లోపం తేలితే రెండు దారులు. సిలిండరు లోపలి గోడ నున్నగా ఉంటే రబ్బరు కిట్టు మార్చవచ్చు. గోడను వేలితో తడిమితే గీత గాని గుంట గాని తెలిస్తే కిట్టు వేసి లాభం లేదు. పూర్తి సిలిండరు మార్చడమే పని. ఇప్పుడు చాలా బండ్లకు పూర్తి సిలిండరే అమ్ముతున్నారు, నా అభిప్రాయంలో అదే మేలు. కొత్త సిలిండరును బండికి బిగించే ముందే బల్ల మీద పెట్టి, ఆయిల్ పోసి, లోపలి గాలి తీయాలి. ఇది చేయకపోతే ఆ గాలి గొట్టాల్లోకి పోయి రోజంతా బాధపెడుతుంది. బిగించిన తరువాత పెడల్ కడ్డీకి, పిస్టన్‌కు మధ్య కొంచెం సందు ఉన్నదీ లేనిదీ చూడాలి. లేకపోతే ఆయిల్ వెనక్కి రాలేక బ్రేకులు పట్టుకునే ఉండి వేడెక్కుతాయి.

వీల్ సిలిండరు కారితే అదే ఇరుసు మీద రెండవ వైపుది కూడా మార్చండి. రెండూ ఒకే వయసువి. ఆయిల్ తాగిన లైనర్లను కడిగి, ఎండబెట్టి, మంట మీద కాల్చి మళ్ళీ వేయడం చాలాచోట్ల చూస్తుంటాము. కాల్చినా లోపల ఇంకిన ఆయిల్ పోదు, వేడెక్కినప్పుడు పైకి వస్తుంది. రెండు వైపులా కొత్తవి వేయించాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని గాలి పైపుతో గాని ఊదవద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు హానికరం. తడిగుడ్డతో తుడవాలి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. చక్రం దగ్గర నిపిల్‌కు సన్నని పారదర్శక గొట్టం తగిలించి, రెండవ కొసను కొద్దిగా ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. ఒకరు పెడల్‌ను మెల్లగా తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు నిపిల్ వదులు చేయాలి, బుడగలు వచ్చి పెడల్ దిగగానే బిగించాలి. బిగించిన తరువాతే కాలు తీయాలి. ముందే కాలు తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి వస్తుంది. సాధారణంగా మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. బండి పుస్తకంలో వేరే వరుస ఉంటే దానినే పాటించాలి. మధ్యలో డబ్బీ ఖాళీ కానివ్వకూడదు, అయితే పని మొదటికి వస్తుంది. సరకు బండ్లు కొన్నింటిలో బరువును బట్టి వెనుక చక్రాల ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది. అలాంటి బండి వెనుక చక్రాలు గాలిలో వేలాడుతుంటే వెనక్కి ఆయిల్ సరిగా పోదు. బండి బరువు ఇరుసు మీద ఉండేట్లు నిలిపి పని చేయించాలి.

ఏ ఆయిల్ పోయాలి?

డబ్బీ మూత మీద రాసి ఉంటుంది. మన బండ్లకు సాధారణంగా డాట్ 3 లేదా డాట్ 4. డాట్ 5 సిలికాన్ ఆయిల్. దీనిని వీటితో కలపరాదు. దారిలో బ్రేకు ఆయిల్ దొరకలేదని ఇంజను ఆయిల్, పవర్ స్టీరింగు ఆయిల్, డీజిలు పోసినవారు ఉన్నారు. ఆ పూటకు పెడల్ పైకి వస్తుంది. కొద్ది రోజుల్లో లోపలి రబ్బరంతా ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు మాస్టర్ సిలిండరు, కాలిపర్లు, వీల్ సిలిండర్లు, హోసులు అన్నింటిలోనూ రబ్బరు మార్చవలసిందే. ఇదే కారణం చేత కప్పులను పెట్రోలు, కిరోసిన్‌తో కడగరాదు. కొత్త బ్రేకు ఆయిల్‌తోనే కడగాలి.

బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తరువాత ప్రమాణం 140 డిగ్రీలే. డాట్ 4కు ఇవి 230, 155. మొగిలి ఘాటు గాని, తిరుమల ఘాటు గాని బరువుతో దిగేటప్పుడు గేరు మీద కాక బ్రేకు మీదనే దిగితే చక్రాల దగ్గర ఆయిల్ అంత వేడెక్కడం పెద్ద విషయం కాదు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ ఉన్నట్టుండి నేలకు పోతుంది. అరగంట ఆగి చల్లబడితే మళ్ళీ మామూలే! మెకానిక్కు దగ్గరికి పోయేసరికి ఏ లోపమూ కనబడదు. ఘాటు దిగేటప్పుడు మాత్రమే పెడల్ పోయిందని డ్రైవరు చెబితే ఆయిల్ మొత్తం మార్చించండి. అలా జరగకపోయినా రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది. ఎక్కే గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇందుకే.

దారిలో పెడల్ పోతే

వెంటవెంటనే పెడల్ కొట్టండి, కొంత పట్టు రావచ్చు. యాక్సిలరేటరు వదిలి ఒక్కొక్క గేరే తగ్గించండి. హ్యాండ్ బ్రేకును బొత్తాం నొక్కి ఉంచి కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగుసుకొని బండి అడ్డం తిరుగుతుంది. ఇంజను ఆపవద్దు, ఆపితే బూస్టరు సాయం తగ్గుతుంది, పవర్ స్టీరింగు ఉంటే అదీ బరువెక్కుతుంది. తాళం చెవి బయటికి తీస్తే స్టీరింగే బిగుసుకోవచ్చు. హారను మోగిస్తూ, దీపాలు వెలిగించి, ఎత్తుగా ఉన్న వైపుకో, మెత్తని మట్టి ఉన్న గట్టుకో బండిని తిప్పండి. వెనుక క్యాన్ల దగ్గర కూర్చున్న కుర్రవాళ్ళు బండి దూకడానికి చూస్తారు. నడుస్తున్న బండి నుంచి దూకరాదని వారికి ముందే చెప్పి ఉంచాలి.

బాగుచేసిన తరువాత

మొదట నిలబడి ఉన్న బండిలో ఒక నిమిషం పరీక్ష మళ్ళీ చేయండి. తరువాత ఖాళీ బండిని జనం లేని చదునైన దారిలో నడక వేగంతో నడిపి నాలుగైదుసార్లు ఆపి చూడండి. ఒక పక్కకు లాగుతున్నదా గమనించండి. అటుపైన సగం క్యాన్లతో, చివరకు పూర్తి బరువుతో. ఒక క్యానులో 40 లీటర్ల పాలంటే 41 కిలోలకు పైనే, క్యాను బరువు దానికి అదనం. ఇరవై క్యాన్లకు ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు. తిరిగి వచ్చిన తరువాత ఆయిల్ మట్టం దగ్గర సుద్దతో గీత గీసి, తేదీ వేసి, వారం రోజులు రోజూ ఉదయం చూడండి.

మన సంఘాలకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటి మిగిలింది. గాలి తీసేటప్పుడు వచ్చిన పాత ఆయిల్‌ను మళ్ళీ డబ్బీలో పోయరాదు. అది విషం. దానిని పాల నమూనా సీసాల్లో, మంచినీళ్ళ సీసాల్లో పట్టి ఉంచవద్దు. పట్టిన గరాటును పాల గదిలోకి తేవద్దు. ఒలికిన చోట నీళ్ళతో బాగా కడగండి. బండి రంగు మీద పడితే కూడా వెంటనే కడగాలి, లేకపోతే రంగు లేస్తుంది. పశువుల కొట్టం పక్కన, తొట్టి దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. పాత ఆయిల్‌ను మూత బిగించిన డబ్బాలో పోసి, పైన పేరు రాసి, పాత ఇంజను ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో విడిగా ఇచ్చేయండి.